340 ఎకరాల జింకల వేట హక్కు: సంతకానికి ముందు ఐదు వారాలు (కేస్ స్టడీ)

పోయినేడాది సెప్టెంబర్ చివర్లో ఒక డాక్టర్ గారు ఫోన్ చేశారు. సొంతూరు రాజమండ్రి వైపు, ఇంగ్లండ్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. నాలుగేళ్లుగా డీర్ స్టాకింగ్, అంటే రైఫిల్‌తో జింకల వేట చేస్తున్నారు. స్టాకింగ్ లెవెల్ 1 సర్టిఫికెట్ ఉంది, పోలీసులిచ్చిన రైఫిల్ లైసెన్సు ఉంది. ఇన్నాళ్లూ రోజుకింతని కట్టి వేరేవాళ్ల వెంట వెళ్లేవారు, ఇప్పుడు తనకంటూ ఒక నేల దొరికింది. వెస్ట్ ససెక్స్‌లో 340 ఎకరాలు, అందులో 250 పొలం, 90 అడవి. మూడేళ్ల ఒప్పందం, ఎకరానికి ఏడాదికి 10 పౌండ్లు. "నవంబర్ 1 లోపు సంతకం పెట్టేయమంటున్నారండీ, ఇంకెవరో కూడా అడుగుతున్నారట. మీరొకసారి ఆ కాగితం చూసి పెడతారా?" అన్నారు.

నేను గ్రామీణ భూముల సర్వేయర్‌ని. కౌలు ఒప్పందాలు, సరిహద్దులు, దారి హక్కులు, వేట హక్కులు, రోజూ ఇదే పని. స్టాకింగ్‌లో లెవెల్ 2 కూడా పూర్తి చేశాను కాబట్టి ఇలాంటివి తరచుగా నా దగ్గరికే వస్తాయి. ఈ కేసు రాయడానికి డాక్టర్ గారు ఒప్పుకున్నారు, గుర్తుపట్టగలిగే వివరాలు మాత్రం మార్చాను.

మన వైపు చదివేవాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను కొడితే జైలే. తెలంగాణకు రాష్ట్ర జంతువు జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక. ఇక్కడ పరిస్థితి పూర్తిగా వేరు. బ్రిటన్‌లో తోడేళ్లు, లింక్స్ అనే పెద్ద అడవి పిల్లులు అంతరించి వందల ఏళ్లయింది, ఎదిగిన జింకలను వేటాడి తినే జంతువంటూ ఏదీ మిగల్లేదు. ఏటా కొన్నిటిని తగ్గించకపోతే అడవిలో కొత్త మొక్క పైకి లేవదు, పైరు దక్కదు. తగ్గించే పని రైఫిల్‌తోనే చేయాలి, అదీ చట్టం చెప్పిన నెలల్లో, చట్టం చెప్పిన తుపాకీతో. డీర్ స్టాకింగ్ అంటే ఆ పనే: ఒంటరిగా, కాలినడకన, గాలివాలు చూసుకుంటూ జింక దగ్గరదాకా వెళ్లి, ఒక్క గుండుతో అది కూలేలా కొట్టడం.

మరి డబ్బు దేనికి కట్టాలి? అడవిలో తిరిగే జింక ప్రాణంతో ఉన్నంతకాలం ఎవరి సొత్తూ కాదు. దాన్ని ఆ నేల మీద వేటాడే హక్కు మాత్రం భూమి యజమానిది. ఆ హక్కును భూమితో పని లేకుండా విడిగా అమ్మొచ్చు, కౌలుకివ్వొచ్చు, భూమి అమ్మేటప్పుడు తనకే అట్టిపెట్టుకోవచ్చు. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది మామిడి తోట గుత్త లాంటిది. చెట్లు మనవి కావు, నేల మనది కాదు, ఆ ఏడాది కాపు మీద హక్కు మాత్రమే మనది, అదీ కాపు కాస్తే. పూత చూసి గుత్త కట్టడం ఎంత ప్రమాదమో నూజివీడు వైపు తోటలున్నవాళ్లెవరినడిగినా చెబుతారు. తోటలో చెట్లు కనీసం కదలవు, ఇక్కడ కాపుకు నాలుగు కాళ్లుంటాయి.

డాక్టర్ గారు చూసింది కూడా పూతే. సెప్టెంబర్‌లో ఒకసారి, అక్టోబర్ మొదట్లో ఇంకోసారి సాయంత్రం పూట రైతు తన జీపులో తీసుకెళ్లి చూపించాడు. గోధుమ చల్లిన చేను అంచున నలభై దాకా ఫ్యాలో జాతి జింకలు. ఆ ఫోటో నాకు పంపించి "ఇంతకన్నా ఏం కావాలండీ" అన్నారు. ఆయన సంతోషం నాకు అర్థమైంది, అలాంటి మంద కనిపించిన సాయంత్రం ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ అక్టోబర్ ఫ్యాలోలకు ఎదకాలం. మగవి తమ తావుల్లో నిలబడి గుర్రుగుర్రుమంటుంటే చుట్టుపక్కల మైళ్ల దూరం నుంచి ఆడవి వచ్చి చేరతాయి. పైగా ఓక్ కాయలు రాలే కాలం. ఆ నెలలో కనిపించిన లెక్క జనవరిలో ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

అందుకే కాగితం పక్కన పెట్టి ముందు నేల చూద్దామన్నాను.

పొద్దున్నే నేల మీద

అక్టోబర్ మూడో వారంలో తెల్లవారకముందే వెళ్లాం. నైరుతి గాలి, సన్నగా మంచు. రైతు కూడా వచ్చాడు, మంచి మనిషి, మేం అడిగినదేదీ దాచలేదు. తుపాకీ తీసుకెళ్లలేదు, థర్మల్ స్పాటర్ (ఒంటి వేడిని బట్టి జంతువును చూపించే పరికరం), మ్యాపు, రంగు పెన్సిళ్లు, అంతే.

చేలో మొదట కనిపించినవి పెంటికలు. గుప్పెడు గుప్పెడుగా, నల్లగా, ఇంకా తడి ఆరనివి. గోధుమ మొలకలు నాలుగు సాళ్ల మేర నేలబారుగా కొరికి ఉన్నాయి. అంటే రాత్రి ఇక్కడే మేశాయి. కానీ చేలో ఎక్కడా పడుకున్న గుర్తు లేదు. గిట్టల జాడ పట్టుకుని నడిస్తే అది తిన్నగా అడవి కంచె దాకా వెళ్లింది. అక్కడ కింది తీగ ఒకచోట పైకి వంగి ఉంది, దాని ముళ్లకు గోధుమరంగు వెంట్రుకలు చిక్కుకుని మంచు బొట్లతో వేలాడుతున్నాయి. ఆ సందులో నేల తొక్కితొక్కి నున్నగా అయింది. ఒకటో రెండో కాదు, మంద మొత్తం రోజూ పోయే బాట అది.

కంచె దాటి అడవిలోకెళ్తే కథ తెలిసిపోయింది. హేజెల్ పొదల చిగుళ్లు నా ఛాతీ ఎత్తు దాకా ఒక్కటి లేదు, ఎవరో గీత గీసి కత్తిరించినట్టుంది. ఆ గీత పైన ఆకులు, కింద ఉత్త పుల్లలు. సన్నటి చెట్ల బెరడు కొమ్ములతో రుద్ది రుద్ది లేచిపోయింది. దట్టమైన బ్రాంబుల్ ముళ్లపొదల వెనక, గాలి తగలని చోట, రాలిన ఆకులు నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలో పడకలు. చెయ్యి పెడితే ఒకటి ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టే అనిపించింది. పద్నాలుగు లెక్కపెట్టాను.

దీని అర్థం ఒక్కటే. పగలంతా జింకలు అడవిలో ఉంటాయి, చీకటి పడ్డాక చేలోకొస్తాయి. ఇంగ్లండ్‌లో సూర్యుడు అస్తమించిన గంట తర్వాత నుంచి ఉదయించడానికి గంట ముందు దాకా ప్రత్యేక లైసెన్సు లేకుండా జింకను కొట్టడం నేరం. కాబట్టి వేటాడగలిగే వెలుతురులో ఈ జింకలు దొరికేది ఆ 90 ఎకరాల్లో, దాని అంచుల్లో. మిగతా 250 ఎకరాలు వాటికి రాత్రి భోజనాల గది. ఎకరానికి 10 పౌండ్లని మొత్తం నేల మీద లెక్క కడితే డబ్బులో ముప్పాతిక వంతు ఆ భోజనాల గదికే పోతోంది.

ఇంకొకటి కూడా చూశాం. తూర్పు సరిహద్దు కంచెకు అవతల, ఇరవై అడుగుల్లో, పక్క ఎస్టేట్ వాళ్ల మంచెలు రెండు. మన పొలాల్లో కాపలాకు వేసే మంచె లాంటివే, కాకపోతే చెట్టుకు ఆనించిన ఇనుప నిచ్చెన మీద. రెండూ ఇటువైపుకే తిరిగి ఉన్నాయి. వాళ్ల నేల మీద వాళ్లు కూర్చోవడం తప్పు కాదు, కానీ అటు దాటిన ప్రతి జింకా వాళ్లది. పక్కవాళ్లు ఏటా ఎన్ని కొడుతున్నారో తెలియకుండా మనకెన్ని దొరుకుతాయో అంచనా వేయలేం. నేను వాళ్ల కీపర్‌తో, అంటే వేట వ్యవహారాలు చూసుకునే ఉద్యోగితో మాట్లాడాను, ఆయన సంతోషంగా చెప్పాడు కూడా. ఇలా అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు, దయచేసి పడకండి. ఒకే మందను ఇద్దరు పంచుకుంటున్నప్పుడు ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం జింకలకు కూడా మేలు.

తర్వాత గుండు ఎటు పోతుందో చూశాం. రైఫిల్ గుండు గురి తప్పినా, జింకలోంచి దూసుకుపోయినా మైళ్లు వెళ్లగలదు, అందుకే దాని వెనక మెత్తటి మట్టి ఉండాలి. చెట్ల మోళ్లు, కంచె, పొదలు పనికిరావు. దక్షిణపు చేలు రెండూ గుట్ట మీదికి ఎక్కుతాయి, ఆ గుట్ట వీపు మీద నుంచే ఊరి కాలిబాట పోతుంది. కింద పొదల కంచె దగ్గర నిలబడి పైకి చూస్తే జింక వెనక ఆకాశమే. మేం నిలబడ్డ అరగంటలో కుక్కలతో ముగ్గురు, పిల్లని వీపున కట్టుకున్న ఒకావిడ, ఆ గీత మీద నడుచుకుంటూ వెళ్లారు. మ్యాపు మీద ఆ రెండు చేలకూ ఎర్ర రంగు వేసేశాం. మొత్తం తిరిగి చూస్తే 250 ఎకరాల పొలంలో నమ్మకంగా గుండు వేయగలిగింది 110 దాకా తేలింది. డాక్టర్ గారు ఆ మ్యాపు చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

7 పౌండ్ల కాగితం

ఊళ్లో ఎకరం కొనాలన్నా ముందు ఈసీ తీయిస్తాం కదా, ముప్పై ఏళ్ల లావాదేవీలు చూస్తాం. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో టైటిల్ రిజిస్టర్ కాపీ 7 పౌండ్లు. పన్నెండు వేల పౌండ్ల ఒప్పందానికి వెళ్తూ ఈ 7 పౌండ్లు ఖర్చుపెట్టనివాళ్లు నాకు ఏటా కనిపిస్తారు.

మా కేసులో ఆ కాపీలోనే అసలు విషయం బయటపడింది. రైతు తండ్రి ఈ భూమిని పెద్ద ఎస్టేట్ నుంచి కొన్నప్పుడు, అమ్మినవాళ్లు అడవి ముక్క మీద జింకల వేట హక్కు తమకే అట్టిపెట్టుకుని అమ్మారు. దస్తావేజులో రెండు వాక్యాలు. భూమి రైతుదే, చెట్లు రైతువే, చెట్ల కింద పడుకున్న జింకను కొట్టే హక్కు మాత్రం ఆయనది కాదు. ఇది మోసం కాదని నా గట్టి నమ్మకం. ఆ ఎస్టేట్‌వాళ్లు దశాబ్దాలుగా అటువైపు రాలేదు, రైతుకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. కాగితం చూపిస్తే ఆయన ముఖం వాడిపోయింది.

కానీ ఫలితం ఏమిటో చూడండి. తనది కాని హక్కును రైతు ఎవరికీ ఇవ్వలేడు. డాక్టర్ గారు ఆ కాగితం నమ్ముకుని అడవిలో దిగితే హక్కుదారులు దావా వేయొచ్చు. అంతకన్నా భయపెట్టేది రైఫిల్ లైసెన్సు. వేటాడే నేల మీద చట్టబద్ధమైన అనుమతి ఉండాలని లైసెన్సులోనే షరతు ఉంటుంది. ఆ షరతు దాటారని పోలీసులు అనుకుంటే రైఫిళ్లే పోతాయి.

కాగితం సంగతి కూడా ఇక్కడే చెబుతాను. రైతు ఇచ్చింది ఒక పేజీ ఉత్తరం, కింద ఇద్దరి సంతకాలకు చోటు. ఒక సీజన్ అనుమతికి అది చాలు. మూడేళ్ల హక్కు అంటే వేరు. ఇంగ్లండ్ చట్టంలో ఇలాంటి వేట హక్కు భూమికి సంబంధించిన ఆస్తి హక్కు, దాన్ని సరిగ్గా ఇవ్వాలంటే సాక్షి సంతకంతో డీడ్ (దస్తావేజు) రాయాలి. ఉత్తరం మీద నడిస్తే అది ఇద్దరి మధ్య మాట మాత్రమే. రెండో ఏడాది రైతు భూమి అమ్మేస్తే కొన్నవాడు "నాకేం సంబంధం" అనొచ్చు. రైతు కౌలుదారు అయిన చోట ఇంకో మెలిక ఉంటుంది. చాలా కౌలు ఒప్పందాల్లో వేట హక్కు భూస్వామి తన దగ్గరే ఉంచుకుంటాడు. దున్నేవాడు ఎంత మంచివాడైనా మనకు అనుమతి ఇవ్వాల్సింది ఆయన కాదు.

పక్షుల వేటవాళ్లు

ఈ భాగం మీద నేను ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నేను చూసిన తగాదాల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

ఆ అడవిలోనే ఫెజెంట్ పక్షుల వేట బృందం ఒకటి ఉంది. వేసవిలో పిల్లలను వదిలి పెంచుతారు, అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా సీజన్. డాక్టర్ గారికి రైతు ఈ మాట చెప్పాడు, "వాళ్లతో మీకేం ఇబ్బంది లేదు, శనివారాలే వస్తారు" అని. నిజంగానే శనివారాలే వస్తారు. కానీ వాళ్ల కీపర్‌ని కలిసి అడిగితే ఆయన అన్నది ఇది: సీజన్ అయ్యేదాకా అడవిలో ఎవరూ తిరగకూడదు, రైఫిల్ చప్పుడు అసలు కూడదు, పక్షులు చెదిరి పక్క ఎస్టేట్‌కు పోతాయి. ఆయన వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే, ఏడాది కష్టం ఆ పక్షుల్లో ఉంది.

ఇప్పుడు జింకల క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో ఫ్యాలో మగజింకకు ఆగస్టు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అనుమతి. ఆడజింకకు నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా మాత్రమే. రో జాతి జింకల్లో ఆడవాటికీ అవే నెలలు, మగవాటికి ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31. మంట్‌జాక్ అనే చిన్న జింకకు నిషేధ కాలమే లేదు. మంద తగ్గాలంటే కొట్టాల్సింది ఆడవాటిని, మగవి ఎన్ని కొట్టినా వచ్చే జూన్‌లో పుట్టే పిల్లల సంఖ్య మారదు. అంటే అసలు పనికి ఉన్నది అయిదు నెలలు, అందులో మొదటి మూడూ పక్షుల వేటవాళ్లవి. మిగిలింది ఫిబ్రవరి, మార్చి. రెండు నెలలు. ఏడాదికి అని కట్టే డబ్బు నిజానికి ఎనిమిది, తొమ్మిది వారాలకు కడుతున్నట్టు.

ఉత్తరంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. "ప్రత్యేక హక్కు" అని మాత్రం ఉంది. ప్రత్యేకం అంటే ఎవరితో పోలిస్తే? ఇంకో స్టాకర్ రాకూడదనా, రైతు తమ్ముడు కూడా కొట్టకూడదనా, పైరు పాడవుతోందని రైతు తనే కొట్టినా ఒప్పందం తప్పినట్టా? ఇవన్నీ సంతకానికి ముందే ఎదురెదురుగా కూర్చుని, పేర్లతో సహా రాసుకోవాల్సినవి. ఈ రైతు బావమరిది ఏటా క్రిస్మస్‌కు ఒక జింక కొట్టుకుంటాడని మూడోసారి టీ తాగుతుంటే తెలిసింది. అభ్యంతరం లేదన్నాం, ఒకటి అని రాయించాం.

లెక్క

10 పౌండ్ల చొప్పున 340 ఎకరాలకు 3,400. వేట హక్కు ఇవ్వడం మీద, ఇచ్చేవాళ్లు వ్యాట్‌కు రిజిస్టర్ అయినవాళ్లయితే, 20 శాతం వ్యాట్ పడుతుంది, భూమి కౌలులా మినహాయింపు ఉండదు. అది కలిపితే 4,080, మూడేళ్లకు 12,240. డాక్టర్ గారు వ్యాట్ లెక్కలో వేసుకోలేదు. మంచెలు, ట్రాలీ, డీజిల్, మాంసం చల్లబరిచే లార్డర్ ఖర్చు వేరే.

"మాంసం అమ్మితే కొంత తిరిగొస్తుంది కదా" అన్నారు. వస్తుంది, కొంతే. పేగులు తీసి శుభ్రం చేసిన ఫ్యాలో ఆడజింక 20 కిలోలు తూగితే, మాకు దొరికిన రేటు కిలోకి రెండున్నర పౌండ్లు, అంటే ఒక్కోదానికి 50. ఏడాది కౌలు రాబట్టాలంటే ఎనభైకి పైగా కొట్టాలి. ఆ నేల మీద అది అయ్యే పని కాదు, కావాలని కోరుకోకూడదు కూడా. పైగా గేమ్ డీలర్‌కు, అంటే వేట మాంసం కొనే వ్యాపారికి ఇవ్వాలంటే వేటగాడు శిక్షణ పొందినవాడై ఉండాలి, లోపలి అవయవాలు పరీక్షించి జబ్బు గుర్తులు లేవని ట్యాగ్ మీద సంతకం చేయాలి, మాంసం 7 డిగ్రీలకు తగ్గేలా చల్లబరచాలి. టీబీ గడ్డలని అనుమానం వస్తే ప్రభుత్వ పశువైద్య విభాగానికి కబురు పెట్టడం తప్పనిసరి. లార్డర్ ఎక్కడ, కరెంటు ఎవరిది, పేగులు ఎక్కడ పారేయాలి, ఇవి కూడా ఉత్తరంలో లేవు.

డబ్బు గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం పౌండ్లు కాదు. కొన్నేళ్ల క్రితం ఇంకో క్లయింట్ నేల చూడకుండా పెద్ద మొత్తం కట్టేశాడు. సీజన్ మొత్తం మీద రెండే దొరికాయి. మార్చి చివరి వారంలో ఒక సాయంత్రం, వెలుతురు పోతుండగా, రెండు వందల ఇరవై మీటర్ల దూరంలో ఆడజింకను కొట్టాడు. మామూలుగా అయితే ఆ దూరంలో గుండు వేసే మనిషి కాదు. రాత్రి ఎనిమిదికి నాకు ఫోన్ వచ్చింది. టార్చి పెట్టి చూస్తే గుండు తగిలిన చోట వెంట్రుకలు, వాటితో పాటు నమిలిన పచ్చటి గడ్డి. పొట్టలో తగిలింది. జాడ పట్టే కుక్కను తెప్పించి వెతికితే పదకొండు గంటలకు, ఆరు వందల మీటర్ల అవతల, బ్రాంబుల్ పొదలో దొరికింది. ఇంకా తల ఎత్తే ఉంది. మూడు గంటల పాటు అది పడ్డ బాధ ఆ మనిషి ముఖంలో చూశాను, ఆయన మళ్లీ రైఫిల్ పట్టుకోవడానికి ఏడాది పట్టింది. "కట్టినదానికి ఇంకొక్కటైనా రావాలనిపించిందండీ" అన్నాడు. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెబుతాను. కట్టిన డబ్బు ట్రిగ్గర్ మీది వేలిని తొందరపెడుతుంది. తొందర పడాల్సిన అవసరం రాని ధర దగ్గరే ఆగాలి.

ఏం చేశాం

నవంబర్ 1 గడువు వదిలేశాం. ఇంకెవరో అడుగుతున్నారన్న మాటకు డాక్టర్ గారు మొదట్లో చాలా టెన్షన్ పడ్డారు, రెండు రోజులు నిద్రపట్టలేదన్నారు. కానీ అడవి హక్కు లేని నేలను ఆ ధరకు ఇంకెవరు తీసుకున్నా వాళ్లకూ ఇదే చిక్కు.

ముందు అడవి మీద వేట హక్కు అట్టిపెట్టుకున్న ఆ ఎస్టేట్ వ్యవహారాలు చూసే ఏజెంట్‌కు రాశాం. మా దగ్గర సర్వే మ్యాపు, పడకల ఫోటోలు, మేత గీత ఫోటోలు ఉన్నాయి. వాళ్ల సొంత అడవులు పక్కనే ఉన్నాయి, అదే మంద వాటినీ తింటోంది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఫ్యాలోలు ఇంతగా పెరిగిన చోట ఆడజింకలను శ్రద్ధగా తగ్గించేవాడు దొరకడమే యజమానికి లాభం, చాలాచోట్ల దానికి డబ్బు అడగరు. వాళ్లూ అడగలేదు. అనుమతి ఉత్తరం రాసినందుకు ఏజెంట్ ఫీజు 150 పౌండ్లు, ఏడాదికి కనీసం 20 ఆడజింకలు, ప్రతి నెలా లెక్క పంపాలి, అంతే షరతు.

పక్షుల బృందంతో మాట్లాడటానికి మాత్రం మూడు సాయంత్రాలు పట్టింది. చివరికి అడవి ఉత్తర సగంలో, సోమ, మంగళవారాల్లో, పొద్దున పది దాకా అని కుదిరింది. వాళ్ల వేట తేదీలు ముందే ఇస్తారు, ఆ ముందు రెండు రోజులు ఎవరూ అడుగుపెట్టరు. బదులుగా ఫిబ్రవరిలో పక్షుల మేత డబ్బాలు తీయడానికి డాక్టర్ గారు ఒక చెయ్యి వేయాలి.

రైతుతో మూడేళ్లు కాదు, ఒక్క ఏడాది లైసెన్సు. 1,200 పౌండ్లు, వ్యాట్ వేరే, సగం మొదట్లో, సగం మార్చి 31న. రైతు మొదట బాధపడ్డాడు, పైరు నష్టం తగ్గితే దానికదే ఎంత మిగులుతుందో ఆయనే లెక్కేసుకుని ఒప్పుకున్నాడు. ఎర్ర రంగు మ్యాపు ఒప్పందానికి జత చేశాం. రైఫిల్ లైసెన్సు, ఇన్సూరెన్సు కాపీలు రైతు దగ్గర ఉండాలని, వెంట ఎవరినీ తీసుకురాకూడదని, వచ్చే ముందు ఫోన్‌లో మెసేజ్ పెట్టాలని రాశాం. ఏదైనా ప్రభుత్వ ఆంక్షతో నేల మూతపడితే ఆ మేరకు డబ్బు తగ్గాలని కూడా పెట్టాం. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు ఈ దేశంలో పల్లె దారులు చాలావరకు మూసేశారు, అప్పుడు ముందుగా కట్టినవాళ్లలో ఆ ఒక్క వాక్యం లేనివాళ్ల దగ్గర అడగడానికి ఆధారమే లేకపోయింది. రైతు అడవి కోసం జింకల నియంత్రణ గ్రాంటు తీసుకుంటున్నాడా అని కూడా అడిగాం. తీసుకుంటే ఆ పథకం షరతులు స్టాకర్ మెడకూ చుట్టుకుంటాయి. లేదన్నాడు.

స్కాట్లండ్‌లో నేల చూస్తున్నవాళ్లు ఈ తేదీలు అక్కడ వాడకండి. అక్కడ చట్టం వేరు, 2023 అక్టోబర్ నుంచి మగజింకలకు నిషేధ కాలం తీసేశారు, ఆడవాటి తేదీలూ వేరే. కొండల్లో రెడ్ డీర్ మీద ఎస్టేట్లు సాధారణంగా రోజుకో, జింకకో ధర కడతాయి. హక్కు మొత్తంగా కౌలుకు తీసుకుంటే వేట హక్కుల మీద రేట్స్ అనే స్థానిక పన్ను ఎవరు కట్టాలో కూడా తేల్చుకోవాలి, అది 2017లో మళ్లీ వచ్చింది.

ఇక ఆ సీజన్ ఎలా జరిగిందంటే, నవంబర్ నుంచి జనవరి దాకా ఎనిమిది ఆడజింకలు, ఫిబ్రవరి మొదటి రెండు వారాల్లో అయిదు. పని చక్కగా సాగుతుండగా ఫిబ్రవరి మధ్యలో ఒక సోమవారం డాక్టర్ గారు వెళ్లేసరికి అడవి గేటు దగ్గర పెద్ద యంత్రాలు. చెట్లు పలచన చేయడానికి కాంట్రాక్టర్లు వచ్చారు. కలప కొట్టడానికి ఫారెస్ట్రీ కమిషన్ లైసెన్సు రైతు ఎప్పుడో తీసుకున్నాడు, అడిగితే చెప్పేవాడే. నేను అడగలేదు. సీజన్‌లో అన్నిటికన్నా మంచి మూడు వారాలు అలా పోయాయి. ఆ తప్పు నాది, ఆయన ఒక్క మాట అనకపోయినా నాకది ఇప్పటికీ గుచ్చుతుంది. మార్చిలో ఇంకో నాలుగు, మొత్తం 17. ఎస్టేట్ అడిగిన 20కి మూడు తక్కువ. కారణం రాసి పంపితే వాళ్లు అర్థం చేసుకున్నారు. పదిహేడులో ఒక్కటి కూడా గుండు తగిలాక వంద మీటర్లు దాటి పోలేదు, అన్నీ వంద మీటర్ల లోపు దూరం నుంచి వేసినవే.

ఏప్రిల్‌లో మళ్లీ ముగ్గురం ఆ హేజెల్ పొదల దగ్గరికి వెళ్లాం. చాలావరకు ఇంకా ఉత్త పుల్లలే. ఉత్తరం వైపు ఒక మోడు మీద మాత్రం మోకాలెత్తు చిగుళ్లు ఏడెనిమిది, కొరకకుండా ఉన్నాయి. రైతు వంగి వాటిని వేలితో తాకి చూశాడు. రెండో ఏడాది లైసెన్సు ఇప్పుడు రాస్తున్నాను, ధర అంతే, కలప కొట్టే తేదీలకు మొదటి పేజీలోనే ఒక గడి పెట్టాను.